వంశపారంపర్యంగా ఒంట్లో ఇనుము పేరుకుపోతుంటే: కణాలు ముందే ముదరకుండా ఏం చేయాలి

ఇనుము తక్కువైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఎక్కువైతే ఏమవుతుందో చాలామందికి వేళ్ల కీళ్లు పట్టేసి, షుగర్ వచ్చి, కాలేయం గట్టిపడ్డాక గానీ తెలియదు. శరీరానికి ఇనుమును లోపలికి తీసుకునే ఏర్పాటు ఉంది గానీ మిగిలినదాన్ని బయటికి పంపే ఏర్పాటు లేదు. అసలు చిక్కంతా అక్కడే.

పెద్దవాళ్ల ఒంట్లో మామూలుగా 3 నుంచి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. చర్మం, పేగు పొర కణాలు రాలిపోవడం వల్ల రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు పోతుంది, పేగు దాదాపు అంతే పీల్చుకుంటుంది. ఈ జమాఖర్చు చూసేది కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్. నిల్వలు నిండగానే హెప్సిడిన్ పెరిగి, ఇనుము రక్తంలోకి వచ్చే ద్వారమైన ఫెర్రోపోర్టిన్‌ను మూయిస్తుంది. ఇలా ఇనుము పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు పేరు హీమోక్రోమాటోసిస్. ఇందులో జన్యులోపం వల్ల హెప్సిడిన్ చాలినంత తయారు కాదు, కాబట్టి ద్వారం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రోజుకు 2 మిల్లీగ్రాములు అదనంగా చేరినా ఏడాదికి 700 పైచిలుకు మిల్లీగ్రాములవుతుంది. ముప్పై ఏళ్లు గడిస్తే 20 గ్రాములు దాటుతుంది. నెలసరి, కాన్పుల్లో కొంత ఇనుము పోతుంది కాబట్టి ఆడవాళ్లలో ఇది సాధారణంగా నెలసరి ఆగిపోయాకే బయటపడుతుంది.

కణంలో జరిగేది

ఇనుము రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ప్రయాణిస్తుంది, కణంలో ఫెరిటిన్ అనే గుల్లలో నిల్వ ఉంటుంది. ఆ రెండిట్లో ఉన్నంతసేపూ దానితో ప్రమాదం లేదు. ట్రాన్స్‌ఫెరిన్ సుమారు 70 శాతం దాటి నిండిపోతే చోటు దొరకని ఇనుము రక్తంలో విడిగా తిరగడం మొదలుపెడుతుంది. కాలేయం, గుండె, క్లోమం, పిట్యూటరీ కణాలు దాన్ని అదుపు లేకుండా లోపలికి లాగేసుకుంటాయి. లోపల మైటోకాండ్రియా శక్తి తయారుచేసే క్రమంలో ఎటూ కొంత హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతూ ఉంటుంది. విడి ఇనుము దాన్ని తాకితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. 1894లో హెన్రీ ఫెంటన్ వివరించిన చర్యే ఇది. ఈ రాడికల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమ్ శరీరంలో లేదు, పుట్టిన చోటే పక్కనున్న దేన్నయినా కాల్చేస్తుంది.

కణం ముదిరే దారులు ఇక్కణ్ణుంచే చీలతాయి. డీఎన్ఏలో గ్వానిన్ తేలిగ్గా ఆక్సీకరణ చెందే అక్షరం. క్రోమోజోముల కొసల్లోని టెలోమియర్లలో గ్వానిన్లు వరసగా ఉంటాయి కాబట్టి అక్కడ దెబ్బలు ఎక్కువ పడతాయి. కణత్వచంలోని కొవ్వులు ఆక్సీకరణ చెందుతాయి. ఇది హద్దు దాటితే కణం చచ్చిపోతుంది, ఆ చావుకు 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టారు. చావకుండా మిగిలిన కణాలు కొన్ని విభజన ఆపేసి, చుట్టుపక్కల కణజాలంలో వాపు పుట్టించే పదార్థాలు విడుదల చేస్తూ కూర్చుంటాయి. వీటినే వృద్ధ కణాలంటాం. ఇవి ఫెరిటిన్‌ను కరిగించి తిరిగి వాడుకోలేవు గనుక ఇనుమును ఇంకా పోగేసుకుంటాయి. ఇనుము పోగవడమే కణజాలం పీచుకట్టడానికి, కణ వార్ధక్యానికి కారణమవుతుందని 2023లో వెలువడిన ప్రయోగాలు చూపించాయి. కాలేయంలో పీచు ఏర్పడి సిర్రోసిస్‌గా మారడం ఈ ప్రక్రియకు కంటికి కనిపించే రూపం. గుండె కండరం, నాడీకణాల వంటి విభజన లేని కణాల్లోనయితే లైపోఫ్యూసిన్ అనే గోధుమరంగు చెత్త పేరుకుంటుంది, దాని లోపల కూడా ఇనుము ఉండి, కణంలోని చెత్తను అరిగించే లైసోజోమ్‌లను చెడగొడుతూ ఉంటుంది.

ఇది మనుషుల్లోనూ కనిపిస్తుంది. 2019లో యూకే బయోబ్యాంక్ (బ్రిటన్‌లో లక్షలమంది ఆరోగ్య వివరాల నిధి) సమాచారాన్ని పరిశీలించినప్పుడు, హెచ్‌ఎఫ్‌ఈ అనే జన్యువులో వచ్చే సి282వై మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అందిన వయోధికుల్లో కండరాల క్షీణత, బలహీనత, దీర్ఘకాలిక నొప్పులు ఎక్కువగా కనిపించాయి. అలాగని జన్యువు ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. అదే సమాచారంలో, పరిశీలన ముగిసేనాటికి రెండు ప్రతులున్న మగవాళ్లలో 21.7 శాతానికి, ఆడవాళ్లలో 9.8 శాతానికి మాత్రమే హీమోక్రోమాటోసిస్ నిర్ధారణ అయింది. కాబట్టి జన్యువు రిపోర్టు చూసి భయపడక్కర్లేదు. ఇనుము ఎంత పేరుకుందన్నదే చూడాలి.

మొదట చేయించుకోవలసిన రెండు పరీక్షలు

ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (ట్రాన్స్‌ఫెరిన్ ఎంత శాతం ఇనుముతో నిండిందో చెప్పేది), సీరం ఫెరిటిన్ (రక్తంలోని ఫెరిటిన్). రెండూ కలిపే చూడాలి, ఒక్కటి చూసి తీర్మానిస్తే పొరబాటు జరుగుతుంది.

సాచురేషన్ రిపోర్టులో లేకపోతే మీరే లెక్కకట్టుకోవచ్చు. సీరం ఐరన్‌ను టీఐబీసీతో (రక్తం మొత్తం ఎంత ఇనుమును పట్టుకోగలదో చెప్పే అంకె) భాగించి 100తో గుణించాలి. ఐరన్ 182, టీఐబీసీ 260 అయితే సాచురేషన్ 70 శాతం. 45 శాతం దాటితే అనుమానించాలి. ఐరన్ మాత్రలు, ఐరన్ ఉన్న మల్టీవిటమిన్లు వాడుతుంటే డాక్టరుకు చెప్పి కొన్ని రోజులు ఆపాక పరీక్షకు వెళ్లండి. లేకపోతే మాత్రలోని ఇనుమే రిపోర్టులో కనిపిస్తుంది. సీరం ఐరన్ ఒకే మనిషిలో గంటగంటకూ మారుతుంది కాబట్టి ఎక్కువ వస్తే మరోరోజు పొద్దున మళ్లీ చేయించాలి.

ఫెరిటిన్ మగవాళ్లలో 300, ఆడవాళ్లలో 200 నానోగ్రాములు (ఒక మిల్లీలీటరుకు) దాటితే ఎక్కువ కింద లెక్క. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ఫెరిటిన్ వాపుకు కూడా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్, మద్యం, కాలేయంలో కొవ్వు, ఊబకాయం, షుగర్, కీళ్లవాతం, కేన్సర్ అన్నీ దాన్ని పెంచుతాయి. ఫెరిటిన్ 600 ఉండి సాచురేషన్ 28 శాతం ఉంటే, హీమోక్రోమాటోసిస్ కన్నా కొవ్వు కాలేయానికో, మరేదైనా వాపుకో అవకాశం చాలా ఎక్కువ. సాచురేషన్ 70, ఫెరిటిన్ 250 అయితే మాత్రం జబ్బు తొలిదశలో ఉండొచ్చు. సాచురేషన్ ముందు పెరుగుతుంది, ఫెరిటిన్ ఏళ్లు గడిచాక పెరుగుతుంది. వైద్యానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. కణాల్లో పెద్ద నష్టం ఇంకా మొదలై ఉండదు.

ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. ఫెర్రోపోర్టిన్ జన్యువులో వచ్చే ఒక రకం లోపంలో ఫెరిటిన్ బాగా ఎక్కువగా ఉన్నా సాచురేషన్ మామూలుగానో తక్కువగానో ఉంటుంది. వాపుకు కారణాలేవీ దొరకనప్పుడు ఎమ్మారైతో కాలేయంలోని ఇనుమును కొలిస్తే తేలిపోతుంది.

జన్యు పరీక్షను ఎలా చదవాలి

హెచ్‌ఎఫ్‌ఈ జన్యువును 1996లో గుర్తించారు. అందులో సి282వై అనే మార్పు రెండు ప్రతులూ ఉంటేనే అసలు జబ్బుకు అవకాశం ఎక్కువ. ఒక ప్రతి సి282వై, రెండోది హెచ్63డి అయితే ఇనుము కొద్దిగా పెరగొచ్చు, కానీ మద్యమో కొవ్వు కాలేయమో తోడుంటే తప్ప అవయవాలు దెబ్బతినడం అరుదు. ఒకే ప్రతి ఉన్నవాళ్లు వాహకులు మాత్రమే, వాళ్లకు వైద్యం అక్కర్లేదు. హెచ్63డి ఒక్కటే చూసి రక్తం తీయడం మొదలుపెట్టకూడదు.

సి282వై ప్రధానంగా ఉత్తర ఐరోపా మూలాలున్న వాళ్లలో కనిపిస్తుంది. ఆసియా, ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో చాలా అరుదు. అలాంటివారిలో ఆ పరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు. సాచురేషన్ పదేపదే ఎక్కువ వస్తూ ఎమ్మారైలో ఇనుము కనిపిస్తే హెమోజువెలిన్, హెప్సిడిన్, ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ 2, ఫెర్రోపోర్టిన్ జన్యువులను చూడాలి. మొదటి రెండిట్లో లోపముంటే జబ్బు ముప్పై ఏళ్లలోపే వచ్చేస్తుంది, కాలేయం కంటే ముందు గుండె, హార్మోన్లు దెబ్బతింటాయి. యువకుల్లో కారణం తెలియని గుండె వైఫల్యంతోపాటు లైంగిక హార్మోన్లు తక్కువగా ఉంటే ఆ రోజే ఫెరిటిన్ చూడాలి.

ఇంకో తప్పు ప్రాణాంతకం. తలసేమియా వంటి రక్తజబ్బుల్లోనూ ఇనుము పేరుకుంటుంది, కానీ వాళ్లకు రక్తహీనత ఉంటుంది గనుక రక్తం తీయకూడదు, ఇనుమును పట్టి బయటికి పంపే కీలేషన్ మందులే వాడాలి. రక్తం తీసేముందు హిమోగ్లోబిన్, ఎర్రకణాల పరిమాణం చూసేది అందుకే.

ఇప్పటికే ఎంత దెబ్బతిందో తేల్చుకోవడం

ఫెరిటిన్ 1,000 దాటకుండా, కాలేయ ఎంజైమ్‌లైన ఏఎస్టీ, ఏఎల్టీ మామూలుగా ఉంటే కాలేయంలో ముదిరిన పీచు ఉండటం అరుదు. 1,000 దాటితే తప్పక చూడాలి. ఖర్చులేని లెక్క ఫిబ్-4. వయసును ఏఎస్టీతో గుణించి, ఆ వచ్చినదాన్ని ప్లేట్‌లెట్లు (వేలల్లో) గుణించు ఏఎల్టీ వర్గమూలం అన్న సంఖ్యతో భాగించాలి. వయసు 52, ఏఎస్టీ 60, ఏఎల్టీ 80, ప్లేట్‌లెట్లు 190 అనుకోండి. 3,120ని 1,699తో భాగిస్తే 1.84. 1.3 లోపు ఉంటే ఊరట, 2.67 దాటితే ముదిరిన పీచుకు అవకాశం ఎక్కువ, మధ్యలో ఉంటే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఎలాస్టోగ్రఫీ చేయించాలి. అందులో 6.4 కిలోపాస్కల్స్ లోపు వస్తే ముదిరిన పీచు లేదని చాలావరకు నమ్మొచ్చు. ఈ పరీక్ష వైద్యం మొదలుపెట్టకముందే చేయించడం మేలు. సిర్రోసిస్ ఉందా లేదా అన్నదాన్ని బట్టే జీవితాంతం నిఘా ఎలా ఉండాలో తేలుతుంది.

దీంతోపాటు పరగడుపు షుగర్, ఈసీజీ, మగవాళ్లలో టెస్టోస్టెరాన్, హార్మోన్లు తగ్గినవాళ్లకు ఎముకల సాంద్రత చూడాలి. ఇనుము బాగా ఎక్కువున్నా, గుండె లక్షణాలున్నా ఎకో, గుండె ఎమ్మారై అవసరం. ఆ ఎమ్మారైలో టీ2 స్టార్ విలువ 20 మిల్లీసెకన్ల కన్నా తక్కువుంటే గుండెలోకి ఇనుము చేరినట్టే.

రక్తం తీయించుకోవడం

ఇంత పురాతనమైన పద్ధతే ఇప్పటికీ దీనికి సరైన మందు. ఎముక మజ్జ కొత్త ఎర్రకణాలు తయారుచేసుకోవడానికి నిల్వల్లోని ఇనుమును లాగుతుంది, కణాల్లో చిక్కుకున్నది మెల్లగా బయటికి వస్తుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో సుమారు 3.4 మిల్లీగ్రాముల ఇనుముంటుంది. హిమోగ్లోబిన్ 15 ఉన్న మనిషి నుంచి 500 మిల్లీలీటర్లు తీస్తే 255 మిల్లీగ్రాములు పోతుంది, 12 ఉన్నప్పుడు తీస్తే 204. అదనపు ఇనుము 5 గ్రాములయితే సుమారు 22 సార్లు, అంటే వారానికొకసారి చొప్పున అయిదారు నెలలు. 20 గ్రాములయితే ఏడాదిన్నర పైమాటే. మొదటి నెలల్లో ఫెరిటిన్ ఒక్కోసారి కదలనట్టే కనిపిస్తుంది, పైకీ కిందికీ ఊగుతుంది. అది చూసి మానేసేవాళ్లున్నారు. తీసిన ప్రతి సంచితోనూ ఇనుము పోతూనే ఉంటుంది.

ఒకసారికి కిలో బరువుకు 7 మిల్లీలీటర్లు మించకూడదు. 50 కిలోల మనిషికి 350 చాలు. గుండె జబ్బున్నా, వయసు మీదపడినా 250తో మొదలుపెట్టి రెండు వారాలకొకసారి తీస్తారు.

ఆ రోజు చేయవలసినవి:

1. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. గంట ముందు నుంచి అర లీటరు నీళ్లు తాగండి. నరం తేలిగ్గా దొరుకుతుంది, కళ్లు తిరగడం తగ్గుతుంది.
2. ముందు హిమోగ్లోబిన్ చూడాలి. 12 కంటే తగ్గితే విడతల మధ్య ఎడం పెంచాలి. 11 కంటే తగ్గితే ఆపి, కోలుకున్నాక మొదలుపెట్టాలి.
3. బీపీ, నాడి చూపించుకుని, పడుకునే తీయించుకోండి. 16 లేదా 17 గేజ్ సూది వాడితే రక్తం ధారగా వస్తుంది. సన్నసూదితో మధ్యలో గడ్డకట్టి ఆగిపోతుంది.
4. సూది తీశాక చెయ్యి మడవకుండా చాచి, అయిదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. మోచెయ్యి మడిస్తే కమిలిపోతుంది, తర్వాతి వారం ఆ నరం పనికిరాదు.
5. పదిహేను నిమిషాలు పడుకుని, మెల్లగా లేచి కూర్చుని, తర్వాత నిలబడాలి. ఆ రోజు బరువులెత్తడం, పరుగులు, వేడినీళ్ల స్నానం వద్దు.

నాలుగు విడతలకొకసారి ఫెరిటిన్ చూడండి. 200 లోపుకు వచ్చాక ప్రతి విడతకో, విడిచి విడతకో చూడాలి, ఎందుకంటే అక్కణ్ణుంచి వేగంగా పడిపోతుంది. మొదటి దశలో లక్ష్యం 50 నానోగ్రాములు. తర్వాత జీవితాంతం 50, 100 మధ్య ఉంచుకుంటే చాలు, చాలామందికి ఏడాదికి రెండు నుంచి ఆరుసార్లు సరిపోతుంది. చాలా విడతలు తీయించుకునేవాళ్లు అప్పుడప్పుడు బీ12, ఫోలేట్ కూడా చూపించుకోవాలి, కొత్త రక్తానికి అవీ కావాలి.

సాచురేషన్‌ను మామూలు స్థాయికి దించాలని పట్టుపట్టొద్దు. సి282వై రెండు ప్రతులున్నవాళ్లలో ఫెరిటిన్ 50కి వచ్చినా సాచురేషన్ ఎక్కువగానే ఉండొచ్చు. దాన్ని తరిమి ఫెరిటిన్‌ను 20 కిందికి తోస్తే నీరసం, జుట్టు రాలడం, కాళ్లలో నిద్రపట్టనివ్వని చిరాకు మొదలవుతాయి. పైగా ఇనుము లోపంలో హెప్సిడిన్ ఇంకా పడిపోయి పేగు మరింత ఆబగా పీల్చుకుంటుంది. మైటోకాండ్రియాకూ, డీఎన్ఏను మరమ్మతు చేసే ఎంజైమ్‌లకూ ఇనుము కావాలి. లేమి కూడా కణాన్ని కుంగదీస్తుంది.

షుగరున్న వాళ్లు మరో సంగతి గమనించాలి. రక్తం తీస్తున్న కాలంలో ఒంట్లో కొత్త ఎర్రకణాలే ఎక్కువగా ఉంటాయి కాబట్టి మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి మందులు తగ్గించుకోవద్దు. పరగడుపు, భోజనం తర్వాతి షుగర్లో, రెండు మూడు వారాల సగటు షుగర్ చూపే ఫ్రక్టోజమైనో చూసుకోవాలి.

నరాలు దొరకనివాళ్లకు యంత్రంతో ఎర్రకణాలను మాత్రమే వేరుచేసే ఎరిత్రోసైటఫెరిసిస్ ఉంది, విడతలు తగ్గుతాయి. 2017లో ఫెరిటిన్ 300, 1,000 మధ్య ఉన్నవాళ్లపై ఉత్తుత్తి వైద్యంతో పోలుస్తూ ఈ పద్ధతిని పరీక్షించినప్పుడు అలసట తగ్గినట్టు తేలింది. ఫెరిటిన్ మరీ ఎక్కువ లేదు కదా అని వైద్యం వాయిదా వేసేవాళ్లు ఆలోచించవలసిన ఫలితమిది. రక్తం తీయడానికే వీల్లేకపోతే కీలేషన్ మందులున్నాయి. అయితే వాటికి కిడ్నీ, కాలేయం, తెల్లకణాల మీద నిఘా కావాలి.

తిండి, మందులు

పథ్యంతో ఈ జబ్బు తగ్గదు. అతి కఠినమైన పథ్యం రోజుకు ఒకటో రెండో మిల్లీగ్రాములు ఆదా చేస్తుంది, ఒక్క సంచి రక్తంతో 200 పైన పోతుంది. అయినా కొన్ని తప్పనిసరి. ఐరన్ మాత్రలు, ఐరన్ కలిపిన టానిక్‌లు పూర్తిగా మానాలి. విటమిన్ సి మాత్రలు మానాలి. అది పేగులో ఇనుము పీల్పును పెంచుతుంది, ఒంట్లో పేరుకున్నదాన్ని ఒక్కసారిగా కదిలించి గుండె లయను చెడగొట్టవచ్చు. పండ్లు తినొచ్చు, మాత్రలే వద్దు. సిర్రోసిస్ ఉంటే మద్యం చుక్క కూడా వద్దు, లేకపోయినా ఎంత మానితే అంత మంచిది. భోజనంతోపాటు తాగే టీ, కాఫీ పీల్పును కొంత తగ్గిస్తాయి. ఆమ్లాన్ని తగ్గించే పీపీఐ మాత్రలు కూడా విడతల అవసరాన్ని తగ్గిస్తాయి గానీ, కేవలం ఇందుకోసమని వాటిని మొదలుపెట్టడం సరికాదు.

పచ్చి లేదా సగం ఉడికిన ఆల్చిప్పలు, గవ్వ జాతి సముద్రాహారం ముట్టొద్దు. విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియాకు ఇనుము ఆహారం. ఇనుము నిండిన ఒంట్లో అది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు. ఒంటిమీద పుండుంటే ఉప్పునీళ్లలోకి దిగకూడదు.

వయసును వెనక్కి తిప్పుతాయంటూ అమ్మే యాంటీఆక్సిడెంట్ గుళికలు ఇక్కడ పనిచేయవు. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటే సెకనులో అత్యల్ప భాగంలో పనికానిచ్చేస్తుంది, గుళికలోని పదార్థం అక్కడికి చేరేలోపే అంతా అయిపోతుంది. అది పుట్టడానికి కారణమైన ఇనుమును తీసేయడమే దారి.

ఏది తిరిగొస్తుంది, ఏది రాదు

అలసట, చర్మం నల్లబడటం, కాలేయ ఎంజైమ్‌లు చాలామందిలో మెరుగవుతాయి. గుండె కండరానికి తగిలిన దెబ్బ తొలిదశలో ఉంటే బాగా కోలుకుంటుంది. పీచు కొంతవరకు కరుగుతుంది. షుగర్ ముదరకపోతే అదుపు తేలికవుతుంది, కానీ క్లోమంలో చనిపోయిన బీటా కణాలు తిరిగి రావు. చూపుడు, మధ్యవేళ్లు అరచేతిని కలిసేచోటి కీళ్లలో వచ్చే నొప్పి ఇనుము తీసేశాక కూడా చాలామందిలో మిగిలిపోతుంది, కొందరిలో పెరుగుతుంది కూడా. దానికి వైద్యం విఫలమైందని అర్థం కాదు. మృదులాస్థి అప్పటికే పాడైపోయిందని అర్థం. సిర్రోసిస్ ఏర్పడితే ఫెరిటిన్ 50కి దిగినా కాలేయ కేన్సర్ ముప్పు పోదు, ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ జీవితాంతం చేయించాలి. సిర్రోసిస్, షుగర్ రాకముందే మొదలుపెట్టినవాళ్ల ఆయుష్షు మాత్రం మిగతావాళ్లలాగే ఉంటుంది.

ఇంట్లోవాళ్లకు

ఒకరికి నిర్ధారణ అయితే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ రెండు ప్రతులూ ఉండే అవకాశం 25 శాతం. పెద్దవాళ్లయిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వెంటనే సాచురేషన్, ఫెరిటిన్, జన్యు పరీక్ష మూడూ చేయించుకోవాలి. పిల్లల విషయంలో ముందు వాళ్ల తల్లిదండ్రుల్లో జబ్బు లేని రెండోవారికి పరీక్ష చేస్తే సరిపోతుంది. అక్కడ లోపం లేకపోతే పిల్లలు వాహకులే అవుతారు. సి282వై రకంలో పిల్లలకు చిన్నప్పుడే పరీక్ష అక్కర్లేదు, పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకోవచ్చు. యుక్తవయసులో వచ్చే రకమైతే మాత్రం ఆలస్యం చేయకూడదు. రెండు ప్రతులూ ఉండి ఫెరిటిన్ మామూలుగా ఉన్నవాళ్లు ఏడాదికొకసారి ఫెరిటిన్, సాచురేషన్ చూసుకుంటూ, హద్దు దాటిన రోజున మొదటి సంచి తీయించుకుంటే చాలు.